సిలబస్ పూర్తి, చదువు బాకీ

గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ నివేదిక వచ్చిన ప్రతిసారీ పత్రికలకు ఒక శీర్షిక, టీవీలకు ఒక సాయంత్రం దొరుకుతాయి. దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2024లో 23.4 శాతం. ఆ వెంటనే టీచర్లకు హితబోధ మొదలవుతుంది: లక్ష్యాలు పెట్టుకోండి, ప్రాధాన్యాలు గుర్తించండి అని. ఆ ప్రాధాన్యాన్ని 2009లోనే చట్టంలో రాసిపెట్టారన్న ఊసు మాత్రం ఈ చర్చల్లో వినపడదు.

విద్యాహక్కు చట్టం సెక్షన్ 24(1)లో (సి) క్లాజు గడువులోగా పాఠ్యప్రణాళిక మొత్తం పూర్తిచేయాలంటుంది. (డి) క్లాజు ఒక్కో బిడ్డ సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలంటుంది. తనిఖీల్లో అడిగేది ఎక్కువగా మొదటిదే: ఏ నెలకు ఎన్ని పాఠాలయ్యాయని. అయితే (సి)ని విడిగా చదవడం కుదరదు. దాని ముందున్న (బి) క్లాజు పాఠ్యప్రణాళికను సెక్షన్ 29(2)కు ముడివేసింది. పిల్లల్లో భయం, ఆందోళన పోగొట్టాలనీ, వాళ్లకెంత అర్థమైందో, దాన్ని ఏ మేరకు వాడుకోగలరో నిరంతరం చూడాలనీ అక్కడుంది. అంటే పుస్తకం చివరి పేజీకి చేరినంత మాత్రాన పాఠ్యప్రణాళిక పూర్తయినట్టు కాదు. నా దృష్టిలో మిగతా క్లాజులను నడిపించేది (డి)యే. 42లోంచి 17 తీసేయమంటే 35 అని రాసే పిల్లవాణ్ని చూడండి. వాడికి తీసివేత వచ్చు. ఏడులోంచి రెండు, నాలుగులోంచి ఒకటి సరిగ్గానే తీశాడు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం దగ్గరే ఆగిపోయాడు. ఎర్రసిరాతో ఇంటూ కొట్టి తర్వాతి పాఠానికి వెళితే రిజిస్టరులో (సి) నెరవేరినట్టే. తీసివేత మీద నిలబడే వాడి భాగహారం మాత్రం ఆ రోజే పోయింది.

ఎవరికి ఎంత అదనంగా బోధించాలన్నది టీచరు విచక్షణకే వదిలితే జవాబుదారీ ఏదని అడుగుతారు. ఏ పిల్లవాడు జూన్‌లో ఎక్కడున్నాడు, నవంబరుకు ఎక్కడికొచ్చాడు అని రాసుకున్న నోటుపుస్తకం సిలబస్ రిజిస్టరు కన్నా కఠినమైన లెక్క. వెనకబడ్డవాళ్ల కోసం ఆగితే చురుకైన పిల్లలు నష్టపోతారన్న అభ్యంతరం ఇంకాస్త బరువైనది. అసలు చిక్కు సమయంతోనే. చట్టం షెడ్యూలులో ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు, అంటే రోజుకు నాలుగు గంటలు. అరవై మంది పిల్లల వరకు ఇద్దరే టీచర్లు. ఆ ఇద్దరి ఎనిమిది గంటలు ఐదు తరగతులకు పంచితే తరగతికి దక్కేది గంటా 36 నిమిషాలు. నాలుగు సబ్జెక్టులైతే ఒక్కోదానికి 24 నిమిషాలు! ఒకరు సెలవు పెట్టిన రోజు సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లల్ని తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి కూర్చోబెడితేనే ఈ కాస్త సమయంలో చురుకైనవాళ్లకూ ఏదో ఒకటి అందుతుంది.

ఈ కాస్తలోంచే మళ్లీ కోత. సెక్షన్ 27 టీచర్లను బోధనేతర పనులకు వాడొద్దంటూ మూడే మినహాయింపులిచ్చింది: పదేళ్లకోసారి వచ్చే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. ఈ చట్టం రాకముందే, 2007లో సెయింట్ మేరీస్ స్కూల్ కేసులో సుప్రీంకోర్టు ఎన్నికల పనిని సెలవుల్లో, బోధన లేని రోజుల్లో అప్పగించాలంది. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కుల సర్వేకు సెకండరీ గ్రేడ్ టీచర్లను (ఎస్జీటీలను) పంపి ప్రాథమిక బడులను ఒంటిపూటకు కుదించారు. కులాల లెక్క కావాలా వద్దా అన్నది వేరే చర్చ. అది పదేళ్ల జనగణన మాత్రం కాదు. జనగణనలాంటిదే కదా అంటే చెల్లదు, నిషేధానికి ఇచ్చిన మినహాయింపును ఎవరికి తోచినట్టు వాళ్లు సాగదీయడానికి లేదు. అసలైన జనగణన కూడా ముందుంది. మూడో తరగతి పూర్తయ్యేసరికి చదవడం, లెక్కలు వచ్చితీరాలన్న నిపుణ్ భారత్ పథకానికి గడువు 2026-27. జనాభా లెక్కింపుకు నిర్ణయించిన కాలమూ ఆ విద్యాసంవత్సరంలోనే, 2027 ఫిబ్రవరిలో. అది చట్టబద్ధమే, కానీ పోయే గంటలు ఆ పిల్లలవే. సెక్షన్ 24(2) ప్రకారం విధి తప్పిన టీచరుపై క్రమశిక్షణ చర్య ఉంటుంది. సెక్షన్ 27ను మీరిన అధికారికి అదే చట్టంలో ఏ శిక్షా లేదు.