కదురు చూడని పిల్లలకు కదురు ఆకారం

ముల్లంగి వేరుది కదురు ఆకారమని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. కాని కదురంటే ఏమిటని అడిగితే ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలు సైతం తెల్లబోవచ్చు. ఆదోని పత్తి వ్యాపారానికి పేరుపడ్డ పట్టణం. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. అటువంటి సీమలోనే కదురు మరపున పడడం విచారకరం.

కదురు స్వతహాగా సన్నని చువ్వ మాత్రమే. వడికిన నూలు చుట్టుకొనే కొద్దీ దాని నడుము లావై, రెండు కొసలూ సన్నగిల్లి కనిపిస్తాయి. కదురు ఆకారమంటే ఈ నిండు కదురు రూపమే కాని వట్టి చువ్వ రూపం కాదు. క్యారెట్టు వలె ఒక కొస మాత్రమే సన్నగిల్లితే అది శంకువు ఆకారం. ఈ భేదం తెలియనిదే నిర్వచనం బోధపడదు.

లాటిన్ భాషలో కదురును ఫ్యూసస్ అన్నారు. ఆంగ్ల శాస్త్రపదమైన ఫ్యూజిఫారమ్ దానినుండి పుట్టినదే. సంస్కృతంలో కదురుకు తర్కువని పేరు. తమిళంలో కదిర్ అనే మాటకు కదురనీ, ధాన్యపు వెన్ననీ కూడా అర్థాలున్నవి. కాబట్టి కదురు ఆకారమనే తెలుగు మాట ఆంగ్లపదానికి ఏ విధంగానూ తీసిపోదు. రెండింటికీ మూలం నూలు వడికే పనిముట్టే.

అయితే వస్తువును చూపక మాటను మాత్రమే వల్లె వేయిస్తే ఫలమేమి? ఉపాధ్యాయుడు ఒక కదురును తరగతికి తేవాలి. అది దొరకనిచోట సన్నని పుల్లకు నడుమ ఒత్తుగా, కొసల పలుచగా నూలు చుట్టించాలి. దాని పక్కన ముల్లంగిని ఉంచితే చాలు, విద్యార్థి నిర్వచనాన్ని తన మాటలలో తానే చెప్పగలుగుతాడు.