ప్రకృతి విశేషములు: నీట మునిగి చచ్చిన చేప

చేప నీట మునిగి చచ్చినదని యెవరైన చెప్పినచో మీరు నవ్వుదురు. నేనును నవ్వియుందును. కాని కొన్నియేండ్ల క్రిందట మా యింటనే యది జరిగినది. మృగశిర కార్తె ముందునాటి సాయంకాలము బజారునుండి ప్రాణముతోనున్న కొర్రమీనులు రెండు వచ్చినవి. చిన్నదానిని వెడల్పయిన తొట్టిలో జానెడు నీట విడిచి పైన తట్ట బోర్లించితిమి. పెద్దది యెగిరిపడునేమో యను భయమున దానిని గుండిగలో వేసి, అంచువరకు నీరు పోసి, మూతపెట్టి, మూతపై సన్నికల్లు పెట్టితిని. నీరెంత యెక్కువయిన దానికంత సుఖమని నా తలంపు. తెల్లవారి చూతునుగదా, తొట్టిలోనిది తోక కొట్టుచున్నది. గుండిగలోనిది వెల్లకిల పడియున్నది.

“ఊపిరాడక చచ్చినదే, అమ్మాయీ!” అని మా అత్తగారనిరి. ఆమె బడికి పోయినవారు కారు. చెరువుగట్టున పుట్టి పెరిగినవారు.

ఆమె మాట యక్షరాల నిజము. కొర్రమీనునకు మొప్పలున్నవి గాని, పెరిగిన చేపకు వానితో మాత్రమే ప్రాణము నిలువదు. మొప్పలకు పైన, తలలో నిరుప్రక్కల చిన్న గదులవంటివి కలవు. వాని లోపొర నిండ సన్నని రక్తనాళములు అల్లుకొనియుండును. చేప మాటిమాటికి పైకి వచ్చి, గ్రుక్కెడు గాలి నోట పట్టి, యా గదులలో నింపుకొనును. పైకి రానీయక వల యడ్డము కట్టినచో, నీరెంత నిర్మలమైనను అది చచ్చును.

ఈ యమరిక దాని నివాసమునకు తగినదే. పాకిస్తాను మొదలు దక్షిణ చైనా, ఇండోనేషియాల వరకు చెరువులు, కుంటలు, వరిమళ్లు, నాచుపట్టిన కాలువలు దీని యిండ్లు. వేసవిలో నట్టి నీరు వెచ్చబడి, ఆకులలములు క్రుళ్లి, ప్రాణవాయువు సన్నగిల్లును. తక్కిన చేపలు తేలిపోవునప్పుడు ఇది గాలి పీల్చి బ్రతుకును. చెరువెండినచో బురదలో దూరి, తడియారనంతవరకు వానకై కాచుకొనును. వాన రాత్రులయందు తడినేలపై ప్రాకుచు ఒక గుంటనుండి వేరొక గుంటకు పోవుటయు కలదు. తల పామును పోలియుండును. 1793లో జర్మనీ శాస్త్రజ్ఞుడు బ్లాక్ దీనిని వర్ణించెను; నేటి శాస్త్రనామము చన్నా స్ట్రయేటా. రెండవ మాటకు చారలు గలదని యర్థము.

ఇక దీని సంసారము చూడదగినది. వానకాలమున ఆలుమగలు ఒడ్డునగల నాచును తొలగించి గుండ్రని చోటు చేసికొనును. తేనెరంగు గ్రుడ్లు, నూనెబొట్టు గలవగుటచే, నీటిపై తేలును. ఒకటి రెండు దినములలో పిల్లలగును. ఆ పిల్లలు ఎఱ్ఱనివి! వేలకొలది గుంపుగా కదలునప్పుడు నీటిపై కుంకుమ చల్లినట్లుండును. క్రింద తల్లిదండ్రులు, విశేషించి తండ్రి, కావలి తిరుగుచుండును. దగ్గరకు వచ్చినదెల్ల దెబ్బ తినవలసినదే. పిల్లలు రంగు మారి యెదుగువరకు, అనగా కొన్ని వారములు, ఈ కాపు సాగును. మన పురుషులకు ఈ పుట చదివి వినిపించుట మంచిది. అయితే పిల్లల గుణము వేరు: ఆకలియైనచో పెద్దది చిన్నదానిని మ్రింగును.

ఈ మమకారమే దానికి మృత్యువగుచున్నది. ఎఱ్ఱని గుంపు కనబడినచోట పెద్దచేప యుండునని యెఱిగినవారు, గాలమునకు కప్పను గ్రుచ్చి ఆ గుంపు నడుమ వేయుదురు. చేప ఆకలికి గాక కోపమున దానిని కఱచి చిక్కును. కావలి పోయిన పిల్లలు కొంగలకును ఇతర చేపలకును ఆహారమగును. ఒక చేపతో ఒక తరము పోవుచున్నది. మృగశిరనాడు చేప తినుట హైదరాబాదు ప్రాంతమున వాడుక; ఉబ్బసపు మందునకై బ్రతికియున్న కొర్రమీను పిల్లలను మ్రింగించుటయు నచ్చట కలదు. ఆ మందు పనిచేయునని శాస్త్రము నిరూపించలేదు. తెలంగాణ ప్రభుత్వము 2016లో దీనినే రాష్ట్రపు చేపగా ప్రకటించినది. బిరుదు వచ్చినంతమాత్రమున గాలము ఆగదు.

దీని మాంసమున ముండ్లు తక్కువగుటచే పిల్లలకును రోగులకును పెట్టుదురు. మలయా దేశమున పురుడు పోసికొన్నవారికిని, శస్త్రచికిత్స జరిగినవారికిని, గాయము మానుటకని వండిపెట్టుట పూర్వాచారము. తినవద్దని నేననను. వానకాలపు మొదటి నెలలలో గ్రుడ్ల చేపయే కావలెనని బేరమాడుట మానుదము. చెరువులలో పెంచిన కొర్రమీనులు ఇప్పుడు దొరకుచున్నవి.

ప్రాణముతో తెచ్చినదానిని రాత్రి యుంచవలసివచ్చినచో, పాత్రలో సగమే నీరు పోసి, మూతకు బదులు బరువైన జల్లెడ కప్పుడు. జిగురు పోవుటకు బూడిద రాచి, పిమ్మట పొలుసు తీయవలెను.