ఆర్సీలో బ్రేకులకూ ఒక గడి కావాలి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ కార్యదర్శి గారికి,

బాపట్ల జిల్లా వేటపాలెం నుంచి రాస్తున్నాను.

పాత కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ కార్ల తయారీ ఆగిపోయింది. అసలు బ్రేకు సామాను దొరకనప్పుడు మేస్త్రీ చూపు పాత ట్రక్కుల డ్రమ్ముల మీదికి పోతుంది. పెద్ద లారీల గాలి బ్రేకులు కారుకు పనికిరావు. ఆయిలుతో పనిచేసే చిన్న ట్రక్కువైతే హబ్బు సరిచేసి బిగించవచ్చు. ఆ పని చేయవచ్చో లేదో, చేస్తే ఏ కొలతల్లో చేయాలో యజమానికి గానీ మేస్త్రీకి గానీ స్పష్టంగా చెప్పండి.

ఇది మన షెడ్లలో పుట్టిన ఆలోచనేమీ కాదు. అమెరికాలో 1938 దాకా ఫోర్డు కార్ల బ్రేకులు రాడ్లతోనో కేబుళ్లతోనో పనిచేసేవి. ఆయిలు బ్రేకులు 1939లో వచ్చాయి. అక్కడ పాత ఫోర్డులున్నవాళ్లు 1948లో మొదలైన ఎఫ్-1 ట్రక్కు బ్రేకులను తమ కార్లకు వేసుకుంటూ వచ్చారు. వాటిలో డ్రమ్ము తిరిగే ఊపుకే మొదటి షూ రెండోదాన్ని నెడుతుంది, రెండూ ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. కాలి బలం తక్కువ చాలు.

అయితే డ్రమ్ము పెద్దదైతే కారు భద్రమైనట్టేనన్న నమ్మకం ప్రమాదకరం. వీల్ సిలిండర్లు పెద్దవై, మాస్టర్ సిలిండరు పాతదే ఉంటే అది పంపే ఆయిలు చాలదు, పెడలు కిందికి దిగిపోతుంది. వెనక బ్రేకులు ముందువాటికంటే ముందే బిగుసుకుంటే వెనక చక్రాలు జారి కారు అడ్డం తిరుగుతుంది. ఘాట్ రోడ్డు దిగేవాళ్లకు వేడి పెద్ద భయం, ఎందుకంటే కాలిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది. మాది చదును నేల. మిర్చి బస్తాల ట్రాక్టరు పొలం దారి నుంచి ఉన్నట్టుండి రోడ్డెక్కినప్పుడు ఒక్కసారిగా తొక్కే బ్రేకే మాకు ముఖ్యం. నాలుగు చక్రాల మధ్య సమతూకం లేకపోతే ఆ క్షణంలో డ్రమ్ము సైజు ఎవరినీ కాపాడదు.

ఇక చట్టం. ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కానీ నా ఆర్సీలో ఇంజను నంబరుంది, రంగుంది, సీట్ల లెక్కుంది. బ్రేకుల ఊసు లేదు. మరోవైపు 182ఎ సెక్షన్ అనుమతి లేని విడిభాగాల మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అంటుంది. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021లో తెచ్చిన వింటేజ్ నిబంధనల నిర్వచనం చాసిస్, బాడీ, ఇంజనుల పేరెత్తింది, బ్రేకులను వదిలేసింది. శిక్ష ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు అనుమతి దారి కూడా అంతే స్పష్టంగా ఉండాలి. లేకపోతే జాగ్రత్తపరుడు భయపడి అరిగిన డ్రమ్ములతోనే నడుపుతాడు, తెగించినవాడు ఎవరికీ చూపించకుండా బిగించుకుంటాడు. రోడ్డు మీద ఇద్దరివల్లా ముప్పే.

మార్పులకు ప్రమాణాలు, ఆమోద షరతులు నిర్ణయించే అధికారం అదే 52వ సెక్షన్ మీకు ఇచ్చింది. దాన్ని బ్రేకులకు వాడండి. సిలిండర్ల కొలతలు, హబ్బు, బేరింగుల పొందిక, ముందు వెనకల నిష్పత్తి ఎలా ఉండాలో మేస్త్రీ చదువుకోగలిగే తెలుగులో కూడా ప్రచురించండి. మార్చిన కారును రోలరు యంత్రం మీద పెట్టి ఒక్కో చక్రానికి బ్రేకు ఎంత పడుతోందో కొలవండి. నెగ్గితే ఆర్సీలో రాయండి, నెగ్గకపోతే ఏ చక్రం దగ్గర లోపముందో కాగితం మీద రాసి తిప్పి పంపండి.

ఇట్లు,
వేటపాలెం నుంచి ఒక పాత కారు యజమాని