నాటు తుపాకీ మన ఇంటిని కాపాడదు

ఎక్కడైనా అల్లర్లు జరిగాయన్న వార్త రాగానే మన మొహల్లాల్లో ఒక మాట వినిపిస్తుంది: "ఇంట్లో ఒక నాటు తుపాకీ అయినా ఉండాలి." అనేది కుర్రవాళ్లు, విని ఊరుకునేది పెద్దలు. ఆ మౌనాన్నే మేము తప్పుపడుతున్నాము. ఉద్యోగకాలంలో ఆయుధ లైసెన్సుల దస్త్రాలు చూసిన అనుభవంతో చెబుతున్నాము: ఆ తుపాకీ మన ఇంటిని కాపాడదు, కూలుస్తుంది.

1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడమే కాదు, అమ్మడం, మరమ్మతు చేయడం కూడా నేరమే. బొమ్మ తుపాకీని పేలే తుపాకీగా మార్చడాన్ని 6వ సెక్షను నిషేధిస్తుంది. విడిభాగాలు సైతం చట్టం దృష్టిలో ఆయుధాలే. ఈ నేరాలకు గతంలో మూడు నుంచి ఏడేళ్ల జైలు ఉండేది. 2019 సవరణ తరువాత కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. లేతు మిషన్ల మీద, వెల్డింగు షాపుల్లో బతుకుతున్న మన పిల్లలకు ఈ సంగతి ఎవరు చెప్పారు? తెలిసినవాడు అడిగాడని పాత తుపాకీని బాగుచేసి ఇచ్చినా ఇదే శిక్ష.

ఆత్మరక్షణ హక్కు లేదా అని అడుగుతారు. ఉంది. భారతీయ న్యాయ సంహిత ప్రతి వ్యక్తికీ దానిని ఇచ్చింది. అది దాడి ఎదురైనప్పుడు ప్రాణం కాపాడుకునే హక్కేగాని, ముందుగానే ఇంట్లో ఆయుధం తయారుచేసుకునే హక్కు కాదు. పైగా ఒక ఇంట్లో తుపాకీ దొరికితే నింద మొహల్లా అంతటి మీదా పడుతుంది.

ఇక పాలకులకు ఒక మాట. 1878 నాటి ఆయుధ చట్టం అమలులో తెల్లవారికి మినహాయింపు, భారతీయులకు నిషేధం ఉండేవి. స్వతంత్ర దేశపు చట్టం పేరును బట్టి, పేటను బట్టి మారకూడదు. శిక్షను పెంచినవారు రుజువు విషయంలోనూ అంతే కఠినంగా ఉండాలి. నాగరిక్ సురక్షా సంహిత 103వ సెక్షను ప్రకారం ఇద్దరు స్వతంత్ర సాక్షుల ఎదుట సోదా జరగాలి. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా నకలు ఇంటివారికి ఇవ్వాలి. 105వ సెక్షను ప్రకారం సోదాను వీడియో తీసి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. ఇవి పోలీసులు చేసే ఉపకారాలు కావు, వారి విధులు. వీటిని అడగడం నేరస్థుణ్ణి వెనకేసుకురావడం కాదు.

మసీదు కమిటీలకు మా విన్నపం: జుమా నమాజు తరువాత ఒక్కసారి ఈ సెక్షన్లు చదివి వినిపించండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దని, కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉందని చెప్పండి. తుపాకీ మాట ఎత్తిన కుర్రవాణ్ణి ఆ రోజే పక్కన కూర్చోబెట్టుకోండి. పిల్లవాడు జైలు పాలైన తరువాత వకీలు కోసం చందాలు పోగుచేయడం కంటే అది తేలిక.