కాలక్షేపమా, కాలమా?

పదవీ విరమణ చేసినవారు కనబడగానే మనం వేసే మొదటి ప్రశ్న, "మరి ఇప్పుడు కాలక్షేపం ఎలా?" అని. ఆ ప్రశ్నలోనే ఒక తీర్పు దాగి ఉన్నదని నాకు అనిపిస్తుంది. హరికథా కాలక్షేపం అన్నప్పుడు ఆ మాటలో కాలాన్ని సార్థకం చేసుకోవడమనే భావం ఉన్నది. వృద్ధుల దగ్గరకు వచ్చేసరికి అదే మాట, మిగిలిన రోజులు ఎలాగో గడిచిపోతే చాలునన్న స్థాయికి దిగజారింది.

అసలు విరమణ వయస్సును నిర్ణయించేది శరీరమూ కాదు, బుద్ధీ కాదు, ప్రభుత్వపు ఉత్తర్వు. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో దానిని 58 నుండి 55కు తగ్గించారు. తరువాత మళ్ళీ 58 చేశారు. 2014లో 60, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 అయింది. ఇలా ముందుకూ వెనుకకూ జరిగే అంకె జీతానికి సంబంధించినదే. దానితో మనిషి ప్రయోజకత్వాన్ని కొలవడం అన్యాయం.

అబ్బూరి ఛాయాదేవి గారు ఢిల్లీలో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసి 1982లో స్వచ్ఛందంగా విరమించుకున్నారు. ఆ తరువాత ఆమె రచన ఆగలేదు. 'తన మార్గం' కథాసంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేనాటికి ఆమెకు డెబ్బయి దాటాయి. ఇతరులు పారవేసే వస్తువులతో బొమ్మలు చేయడం ఆమెకు మరొక ఇష్టమైన వ్యాపకం.

ఇది చదువుకున్నవారికే సాధ్యమనుకోనక్కరలేదు. గుంటూరు జిల్లా పల్లెటూరి మస్తానమ్మ గారు నూరేళ్ళు దాటాయని చెప్పుకొనే వయస్సులో, 2016 నుండి, ఆరుబయట కట్టెల పొయ్యి మీద వండిన వంటలను యూట్యూబులో లక్షలమంది చూశారు. 2018లో ఆమె మరణించేదాకా ఆ ఆదరణ తగ్గలేదు.

వీరిద్దరిలో నాకు కనిపించే సామ్యం ఒక్కటే. వారి పనికి అవతలి వైపున ఎదురుచూసేవారు ఉన్నారు. వృద్ధులకు కావలసినది వ్యాపకం మాత్రమే కాదు, ఆ ఎదురుచూపు. ముప్ఫయి ఏళ్ళు లెక్కలు బోధించిన మేష్టారికి పాలలెక్క అప్పగించి, ఆయనకు తోచుబాటు కల్పించామని మనం తృప్తిపడుతున్నాము. "ఈ వయస్సులో మీకెందుకండీ శ్రమ?" అని ప్రేమగానే అంటాము. ఆ ప్రేమే ఆయన ముఖం మీద తలుపు మూసివేస్తున్నది.

అలాగని మనవల పెంపకమంతా అమ్మమ్మల నెత్తిన వేసి, వారు చురుకుగా ఉన్నారని మురిసిపోవడమూ సరికాదు. వంటింటికి విరమణ ఉత్తర్వు ఏనాడూ రాలేదు. అలసినవారికి విశ్రాంతి హక్కు. ఎంచుకున్న పనికీ, నెత్తిన పడిన పనికీ ఉన్న తేడాను మనం గుర్తించాలి.

కనుక పెద్దలకు పని కల్పించే ముందు వారిని అడుగుదాము: మీకు ఏది చేయాలని ఉన్నది? ఏది నేర్పాలని ఉన్నది? వారు వ్రాసినది చదువుదాము, నచ్చకపోతే నచ్చలేదని చెబుదాము. మొగమాటపు పొగడ్త కంటె నిజాయితీ గల విమర్శలోనే గౌరవం ఎక్కువ. విమర్శకు అర్హుడైనంతకాలం మనిషి ఇంకా పనిలో ఉన్నట్లే లెక్క.