కారు రాత్రి ఎక్కడ పడుకుంటుంది?

కర్నూలు నుంచి కడపకు దాదాపు 200 కిలోమీటర్లు. నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు... నాయనకు స్టెంట్ వేసినప్పటి నుంచి ఈ దారి నాకు కంఠతా వచ్చేసింది. నెలకు రెండుసార్లు బస్సులో తిరిగి తిరిగి, ఇక కారు కొందామని డిసైడ్ అయ్యా.

ఎలక్ట్రిక్కా, హైబ్రిడ్డా? ఫ్రెండ్స్‌ని అడిగితే రెండు పార్టీలయ్యారు. ఒకడు మాత్రం, "ప్లగ్-ఇన్ హైబ్రిడ్ తీసుకోరా. ఊళ్లో కరెంటు, హైవే మీద పెట్రోలు. టెన్షనే ఉండదు" అన్నాడు.

ఐడియా బాగుంది. కానీ మన బడ్జెట్‌లో అలాంటి కారే దొరకలేదు. మన దేశంలో ప్లగ్-ఇన్ అంటే ఎక్కువగా బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం లాంటి కోట్ల రూపాయల బండ్లే. గ్రాండ్ విటారా, హైరైడర్‌లలో వచ్చేది స్ట్రాంగ్ హైబ్రిడ్. దాని బ్యాటరీలో ఒక్క యూనిట్ కరెంటు కూడా పట్టదు. బయటి నుంచి చార్జింగ్ పెట్టలేం. బ్రేకు వేసినప్పుడు, ఇంజిన్ తిరిగినప్పుడు అదే నింపుకుంటుంది. అంటే తాగేది పెట్రోలే, కాకపోతే తక్కువ తాగుతుంది.

సరే, లెక్క వేద్దాం. హైబ్రిడ్ లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చినా, లీటరు 110 చొప్పున కిలోమీటరుకు ఐదున్నర రూపాయలు. ఎలక్ట్రిక్ యూనిట్‌కు 6 కిలోమీటర్లు వస్తుందనుకుందాం. ఇంట్లో యూనిట్ పది రూపాయలు వేసుకున్నా కిలోమీటరుకు రూపాయి డెబ్బై. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగితే 57 వేలు మిగులు. జీఎస్టీ కూడా ఎలక్ట్రిక్‌పై 5 శాతమే. నాలుగు మీటర్ల పొడవు దాటిన హైబ్రిడ్‌పై 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం.

అయినా నా భయం వేరు. అర్ధరాత్రి అమ్మ ఫోన్ చేస్తే?

దానికీ లెక్క వేశా. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు, ఏసీ ఆపే మాటే లేదు. 45 యూనిట్ల బ్యాటరీతో 270 కిలోమీటర్లు వస్తుందనుకున్నా, రోజూ 90 శాతం నింపి పెడితే 240. కడప చేరిపోతా. కాకపోతే రోజూ నింపాలి. ఎక్కడ?

మాది అద్దె ఇల్లు. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల ఊళ్ల పక్కన 1000 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. నా పార్కింగ్‌లో మాత్రం ఒక్క ప్లగ్ లేదు. ఓనర్ పెద్దాయన్ని అడిగితే, "రాత్రంతా కరెంటు లాగితే వైర్లు కాలిపోతాయప్పా" అన్నాడు.

అప్పుడర్థమైంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ దొరికినా నాది ఇదే గతి. యూరప్‌లో ఆ కార్ల నిజమైన కార్బన్ ఉద్గారాలు ల్యాబ్‌లో చెప్పినదానికి మూడున్నర రెట్లున్నాయని యూరోపియన్ కమిషన్ 2024లో తేల్చింది. పెద్ద కారణం, జనం అనుకున్నంతగా చార్జింగ్ పెట్టకపోవడమే. ప్లగ్ పెట్టకపోతే అది బ్యాటరీ బరువు మోసే పెట్రోలు కారు.

పెద్దాయన మాటలోనూ నిజముంది. పాత వైరింగ్ మీద గంటల తరబడి 3 కిలోవాట్లు లాగడం మంచిది కాదు. అందుకే నా ఖర్చుతో ఎలక్ట్రీషియన్‌ని తెచ్చి ఎర్తింగ్ చూపించా. విడిగా లైను, ఎంసీబీ, సబ్ మీటర్ పెట్టిస్తానన్నా. వారం నానబెట్టి ఒప్పుకున్నాడు. ఎలక్ట్రిక్ బుక్ చేశా. ఆయన ఒప్పుకోకపోయి ఉంటే హైబ్రిడ్డే కొనేవాణ్ని. రోజూ బయట ఫాస్ట్ చార్జర్‌లో యూనిట్‌కు రెట్టింపు కట్టుకుంటూ పోతే ఆ మిగులు సగానికి పడిపోతుంది.

కాబట్టి మీరు రేంజ్ వీడియోలు చూసే ముందు, మీ కారు రాత్రి ఎక్కడ పడుకుంటుందో చూసుకోండి.

కడపకు ఫోన్ చేసి చెప్పా. నాయన అంతా విని, "ఇక్కడా వరండా పక్కన ప్లగ్ పెట్టిస్తాలే. నిండడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నాడు.

"మామూలు ప్లగ్ అయితే రాత్రంతా పడుతుంది నాయనా."

"మంచిదే. వచ్చినప్పుడల్లా ఆ రాత్రి ఉండి పో."