ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో 45 నిమిషాల్లో.. శ్రీకూర్మానికి ఆ పరీక్ష అందేదెలా?

మీరు విశాఖలో ఉద్యోగం చేస్తున్నారు, అమ్మ శ్రీకూర్మంలో ఉంటున్నారు అనుకుందాం. ఆమెకు జ్వరం, మూత్రంలో మంట. డాక్టర్ చూసి యాంటీబయాటిక్ రాశారు. ఆ మందు ఆమె ఒంట్లోని బ్యాక్టీరియాపై పనిచేస్తుందా లేదా అన్నది ఆ క్షణంలో డాక్టర్‌కీ కచ్చితంగా తెలియదు. అనుభవం మీద అంచనా వేస్తారు. అంచనా తప్పితే మూడో రోజుకీ జ్వరం తగ్గదు, మందు మార్చాల్సి వస్తుంది.

ఇది చిన్న సమస్య కాదు. మందులకు లొంగని బ్యాక్టీరియా 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మరణాలకు నేరుగా కారణమైందని లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది.

ఇప్పుడు ఎందుకంత ఆలస్యం?

కల్చర్ పరీక్షలో మూత్రం నమూనాను ప్లేటు మీద వేసి 18 నుంచి 24 గంటలు ఉంచుతారు. బ్యాక్టీరియా పెరిగాక దాన్ని మరో ప్లేటుపై పరిచి, యాంటీబయాటిక్ అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతారు. మళ్లీ 16 నుంచి 20 గంటలు ఆగాలి. బిళ్ల చుట్టూ తగినంత ఖాళీ వలయం వస్తే ఆ మందు పనిచేస్తున్నట్టు. మొత్తం రెండు మూడు రోజులు. బ్యాక్టీరియా కంటికి కనిపించేంతగా పెరగాలి కాబట్టే ఈ ఆలస్యం.

కాంతి ఏం మారుస్తుంది?

పెద్ద ల్యాబ్‌లలోని ఆటోమేటిక్ యంత్రాలు ఇప్పటికే కాంతిని వాడుతున్నాయి. మందు కలిపిన ద్రవం గుండా కాంతిని పంపుతాయి. మందు పనిచేయకపోతే బ్యాక్టీరియా పెరిగి ద్రవం మసకబారుతుంది. అయితే వీటికీ ముందుగా ప్లేటుపై పెంచిన బ్యాక్టీరియా కావాలి.

కొత్త పద్ధతి ఒక్కో బ్యాక్టీరియానే మైక్రోస్కోప్‌తో గమనిస్తుంది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి పుట్టిన పీఏ-100 యంత్రం ఇలాంటిదే. సన్నని గాడుల్లో చిక్కిన బ్యాక్టీరియా మందు తగిలాక పెరుగుతోందా, ఆగిందా అని కెమెరా చూస్తుంది. మూత్రంలో బ్యాక్టీరియా ఉందో లేదో 15 నిమిషాల్లో, ఐదు యాంటీబయాటిక్‌లలో ఏది పనిచేస్తుందో 45 నిమిషాల్లోపే చెబుతుంది. 2024లో దీనికి 80 లక్షల పౌండ్ల లాంగిట్యూడ్ ప్రైజ్ దక్కింది.

మరో పద్ధతికి మూలం, విశాఖలో చదువుకున్న సి.వి.రామన్ 1928లో కనుగొన్న రామన్ ఎఫెక్ట్. బ్యాక్టీరియాను భారజలంలో ఉంచి లేజర్ వేస్తారు. చురుగ్గా ఉన్న కణం డ్యుటీరియంను తీసుకుంటుంది, చెదిరిన కాంతిలో ఆ గుర్తు కనిపిస్తుంది. మందు పనిచేస్తే ఆ గుర్తు తగ్గిపోతుంది. ఇది ఇంకా ప్రధానంగా పరిశోధన దశలోనే ఉంది.

మన జిల్లాకు ఎందుకు ముఖ్యం?

ఉద్దానం కిడ్నీ వ్యాధి తెలిసిందే. అమికాసిన్, జెంటామైసిన్ వంటి ఇంజెక్షన్లు కిడ్నీలను దెబ్బతీసే ప్రమాదం ఉంది. ఏ మందు పనిచేస్తుందో ముందే తెలిస్తే, వాటి అవసరం లేని రోగులకు వాటిని తప్పించవచ్చు.

కానీ యంత్రం ఎక్కడ పెడతారన్నదే అసలు ప్రశ్న. మూత్రం నమూనాను మామూలు ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. శ్రీకాకుళం పట్టణం శ్రీకూర్మానికి సుమారు 13 కిలోమీటర్లు. విశాఖ వంద కిలోమీటర్లకు పైనే. 45 నిమిషాల పరీక్ష విశాఖలోనే ఉండిపోతే, మిగిలిన సమయమంతా రోడ్డు మీదే పోతుంది. నమూనా తీసిన చోటే పరీక్ష జరగాలి. అందుకు యంత్రంతో పాటు కార్ట్రిడ్జ్‌ల సరఫరా, కరెంటు, శిక్షణ పొందిన టెక్నీషియన్ కూడా ఉండాలి.

అప్పటిదాకా మీరేం చేయాలి?

- యాంటీబయాటిక్ మొదటి డోసు వేసుకోకముందే కల్చర్ అవసరమా అని డాక్టర్‌ను అడగండి. మందు పడ్డాక ఇచ్చిన నమూనాలో బ్యాక్టీరియా దొరక్కపోవచ్చు.
- పరిస్థితి తీవ్రంగా ఉంటే రిపోర్టు కోసం ఆగొద్దు. నమూనా ఇచ్చి చికిత్స మొదలుపెట్టండి. రిపోర్టు వచ్చాక అవసరమైతే డాక్టర్ మందు మారుస్తారు.
- పాత కల్చర్ రిపోర్టులు ఫోన్‌లో ఫొటో తీసి దాచండి. మళ్లీ ఇన్‌ఫెక్షన్ వస్తే డాక్టర్‌కు అవే ఆధారం.
- పాత చీటీతో మందు కొనొద్దు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం, దాని కింద ఉన్న యాంటీబయాటిక్‌లు అమ్మితే షాపు వారు డాక్టర్, రోగి పేర్లు రిజిస్టర్‌లో రాయాలి.